కరెంటు వేళల నిర్ణయంపై తొండూరు సభ తీర్మానం

తొండూరులో సమావేశమైన ఈ సభలో తొండూరు, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల బోరుబావుల రైతులు, కాలువల కింది ఆయకట్టుదారులు, నాపరాళ్ల పాలిష్ యూనిట్ల యజమానులు, సిమెంటు కర్మాగారాల కార్మికులు, గృహ వినియోగదారులు పాల్గొన్నారు. బొగ్గు తక్కువగా మండేలా కరెంటు వాడకం వేళలను నిర్ణయించడం, అందులో పరిశ్రమలు మోయవలసిన భారం అనే అంశాలపై సభ ఈ క్రింది తీర్మానాన్ని ఆమోదించి నమోదు చేసింది.

ఈ సభ గమనించినదేమనగా: బొగ్గు కరెంటు, ఎండ కరెంటు రెండూ ఈ ప్రాంతంలోనే పుడుతున్నాయి. ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994లో మొదలైంది. 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 2018లో చేరిన 600 మెగావాట్ల యూనిట్ ఒకటి కలిసి నేడు దాని సామర్థ్యం 1650 మెగావాట్లు. దానికి నీళ్లు మైలవరం జలాశయం నుంచి పోతాయి. అదే మైలవరం మండలంలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. అందులో 250 మెగావాట్లకు 2017 ఏప్రిల్‌లో జరిగిన వేలంలో యూనిట్ ధర రూ.3.15కు దిగివచ్చింది. బొగ్గు దూరాల నుంచి రైళ్లలో రావాలి, ప్రతి టన్నుకూ డబ్బు కట్టాలి. ఎండకు ఆ ఖర్చు లేదు, కాని అది మన అవసరం చూసుకుని రాదు.

ఈ సభ గమనించినదేమనగా: గ్రిడ్‌లో పుట్టిన కరెంటు పుట్టిన క్షణంలోనే ఖర్చు కావాలి. ఆ తూకం నిలిచిందని చెప్పే గుర్తు ఫ్రీక్వెన్సీ. అది 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలని గ్రిడ్ కోడ్ చెబుతున్నది. ఇందుకోసం రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఏ కేంద్రం ఎంత ఉత్పత్తి చేయాలో లోడ్ డిస్పాచ్ కేంద్రం ఒక రోజు ముందే రాసిపెడుతుంది. మధ్యాహ్నం సోలార్ పెరిగినప్పుడు బొగ్గు యూనిట్లను తగ్గిస్తారు. కాని అవి తమ సామర్థ్యంలో 55 శాతానికి దిగువకు దిగడం కష్టం. పూర్తిగా ఆపితే సాయంత్రం ఆరు గంటలకు ఇళ్లలో దీపాలు వెలిగేసరికి మళ్లీ అందుకోలేవు. అందువల్ల బొగ్గును కనీస స్థాయిలో మండనిచ్చి, మిగులు ఎక్కువైనప్పుడు ఎండ కరెంటునే తగ్గించుకోవలసి వస్తున్నది. పైసా ఇంధనం అక్కరలేని కరెంటును వద్దని, మూడు నాలుగు గంటలు తిరగకముందే బొగ్గు మంట పెంచడం ఈ వ్యవస్థలోని అసలు లోపమని సభ భావిస్తున్నది.

ఈ సభ స్పష్టం చేయునదేమనగా: ఉత్పత్తిని వాడకం వెంట పరుగెత్తించడమే ఇంతవరకు గ్రిడ్ పద్ధతి. ఎండ, గాలి పెరిగిన కొద్దీ వాడకాన్ని కూడా కొంత ఉత్పత్తి వెంట నడిపించక తప్పదు. ఈ మార్పును సభ సూత్రప్రాయంగా సమర్థిస్తున్నది. ఎవరి వాడకం, ఎవరి ఖర్చుతో, ఎవరికి ముందుగా చెప్పి అన్న విషయాల్లో సభ వైఖరి ఈ తీర్మానంలో నమోదైంది.

ఈ సభ గమనించినదేమనగా: కరెంటు వేళకు తన పనిని మార్చుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పరిశ్రమలను ఆ మాట అడగడానికి చాలా ముందే రైతును అడిగారు. అడిగారనడం కంటే ఆజ్ఞాపించారనడం నిజం. త్రీఫేజ్ కరెంటును గ్రూపులుగా విడగొట్టి, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి వంతులు వేశారు. పట్టణాలకు, ఫ్యాక్టరీలకు పగలు చాలకపోతే పల్లెకు అర్ధరాత్రి ఇచ్చారు. వేరుశనగకు, అరటికి, చీనీ చెట్లకు నీళ్లు పెట్టడానికి రైతు టార్చిలైటు పట్టుకుని చేనికి పోయాడు. ఎప్పుడు వస్తుందో తెలియని కరెంటు కోసం మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాడు. కరెంటు రాగానే ఒక్కసారిగా అన్ని మోటార్లూ లేచి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయాయి; కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మోసుకుపోయే ట్రాక్టరు బాడుగ కూడా రైతే పెట్టుకున్నాడు. చీకట్లో మడవ కట్టబోయి పాము కాటుకు, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుని షాక్‌కు ప్రాణాలు పోగొట్టుకున్న వారు లేని ఊరు రాయలసీమలో వెతికినా దొరకదు. గ్రిడ్ తూకం నిలవడానికి వేళ మార్చుకున్న మొదటి వినియోగదారుడు ఈ రైతేనని, అందుకు అతనికి ఏ పరిహారమూ అందలేదని సభ నమోదు చేస్తున్నది.

ఈ సభ విచారం వ్యక్తం చేయునదేమనగా: ఆ సంవత్సరాల్లో రాత్రి కరెంటు వల్ల పోయిన ప్రాణాలను గ్రిడ్ నిర్వహణ ఖర్చుగా ఎవరూ చూడలేదు. పరిశ్రమ ఒక గంట ఆగితే నష్టం ఇంతని లెక్క వేసే యంత్రాంగం, రైతు ఒక రాత్రి నిద్ర మానుకుంటే నష్టమే లేదన్నట్టు నడిచింది. ఇకపై వేసే ఏ లెక్కలోనూ ఈ తేడా ఉండరాదని సభ భావిస్తున్నది.

ఈ సభ గమనించినదేమనగా: 2004 మే 14న, పులివెందుల నుంచి ఎన్నికైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలుపై సంతకం చేశారు. అప్పుడు పోయినది బిల్లు. రాత్రి వంతులు పోలేదు. పగటిపూటే తొమ్మిది గంటల సరఫరా అనే విధానం తర్వాతి కాలంలో, వ్యవసాయ ఫీడర్లను వేరు చేసి సబ్‌స్టేషన్లను బలపరచిన తర్వాతనే వీలైంది. ఈ విధానాన్ని రైతుకు చేసిన ఉపకారంగా మాత్రమే చూడడం సరికాదు. ఎండ కరెంటు మెండుగా ఉన్న వేళకే లక్షల మోటార్లు తిరగడం వల్ల మధ్యాహ్నపు మిగులు ఖర్చవుతున్నది, రాత్రి బొగ్గు మీద ఒత్తిడి తగ్గుతున్నది. బొగ్గు తగ్గించే వేళ మార్పుల్లో రాష్ట్రంలో ఇప్పటికే అమలులో ఉన్న అతి పెద్దది వ్యవసాయ ఫీడర్లదేనని సభ గుర్తిస్తున్నది.

ఈ సభ తీర్మానించినదేమనగా: వ్యవసాయానికి పగటి తొమ్మిది గంటల సరఫరా హక్కుగా నిలవాలి. బొగ్గు తగ్గింపు పేరుతో గాని, పరిశ్రమల సౌకర్యం పేరుతో గాని, ఏ ఫీడరునూ మళ్లీ రాత్రికి మార్చరాదు. పగటి లోపల ఫీడర్ల వంతులు సర్దుకోవలసి వస్తే సభకు అభ్యంతరం లేదు. ఆ మార్పు కనీసం వారం ముందు సబ్‌స్టేషన్ వద్ద, గ్రామ సచివాలయం వద్ద తెలుగులో రాసిపెట్టాలి. మబ్బు పట్టి సోలార్ పడిపోయిన రోజున కోత మొదట వ్యవసాయ ఫీడరుపై వేసే అలవాటు మానాలి.

ఈ సభ తీర్మానించినదేమనగా: వేళల నిర్ణయానికి రైతు మోటారుకు స్మార్ట్ మీటరు షరతుగా పెట్టరాదు. వ్యవసాయ ఫీడర్లు వేరుగా ఉన్నందున సబ్‌స్టేషన్‌లో ఫీడరు మీటరు చూపే లెక్క ఈ అవసరానికి చాలును. ఈ అంశంపై, మోటారు స్థాయిలో కొలిస్తే తప్ప దుబారా తెలియదన్న భిన్నాభిప్రాయం కూడా నమోదు చేయడమైనది.

ఈ సభ గమనించినదేమనగా: ఈ ప్రాంతంలో వేళ మార్చుకోగల పెద్ద పరిశ్రమ సిమెంటు. ఎర్రగుంట్ల, చిలమకూరు, నల్లలింగాయపల్లె, చిన్నకొమెర్ల కర్మాగారాలు మన సున్నపురాతి పొరల మీదనే నిలిచాయి. టన్ను సిమెంటుకు సుమారు 70 నుంచి 80 యూనిట్ల కరెంటు పడుతుంది. అందులో సున్నపురాయిని కాల్చే కిల్న్ వాటా వేరు, మిల్లుల వాటా వేరు. 1450 డిగ్రీల వేడిలో తిరిగే కిల్న్‌ను ఆపడం, మళ్లీ రాజేయడం రోజుల పని. దాని ఇటుక పూత పగులుతుంది, ఇంధనం వృథా అవుతుంది. కిల్న్ వేళ మార్చమని ఈ సభ అడగడం లేదు. ముడిరాయిని, కిల్న్ నుంచి వచ్చే క్లింకర్‌ను నూరే మిల్లులు అలాంటివి కావు. కర్మాగారం కరెంటులో సగానికి పైగా వాటికే పోతుంది. నూరిన పొడి సైలోలలో నిలవ ఉంటుంది కనుక మిల్లు సాయంత్రం నాలుగు గంటలు ఆగినా కిల్న్‌కు మేత తగ్గదు, లారీకి లోడు తగ్గదు. సైలో ఉన్నవాడికి వేళ మార్చుకునే వీలుంది. చెట్టు వాడిపోతున్న రైతుకు ఆ వీలు లేదు.

ఈ సభ గమనించినదేమనగా: రాత్రి కరెంటు చౌకగా ఉన్న కాలంలో చాలా సిమెంటు మిల్లులు రాత్రి నడపడం అలవాటు చేసుకున్నాయి. వేళ మార్చుకోవడం సాధ్యం కాదన్న వాదనకు ఆ అలవాటే సమాధానం. ఇప్పుడు చౌక వేళ మధ్యాహ్నానికి జరిగింది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు కేంద్రం 2023 జూన్‌లో చేసిన సవరణ ప్రకారం, 10 కిలోవాట్లకు మించిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 నుంచి వేళను బట్టి ధర ఉండాలి. సోలార్ వేళల్లో మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ, గరిష్ఠ వాడకపు వేళల్లో కనీసం 20 శాతం ఎక్కువ ఉండాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. ధరల తేడా అవసరమేనని, కాని అది ఒక్కటే చాలదని సభ అభిప్రాయం. ఏడాది పొడవునా ఒకే గంటలకు ఒకే ధర నిర్ణయిస్తే అది గడియారాన్ని చూస్తుంది గాని ఆకాశాన్ని చూడదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు రాయలసీమ గుట్టల మీద గాలిమరలు రాత్రింబగళ్లు తిరుగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండే ఆధారం. రెండు కాలాలకు ఒకే వేళల పట్టిక సరిపోదు.

ఈ సభ గమనించినదేమనగా: కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలో దేశపు గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. ఈ సగటుతో వేళల నిర్ణయం చేయడం తప్పుదారి. ఎండ కరెంటును తగ్గించుకుంటున్న మధ్యాహ్నం ఒక యూనిట్ అదనంగా వాడితే కొత్తగా మండే బొగ్గు దాదాపు ఉండదు. రాత్రి ఎనిమిదికి అదే యూనిట్ దాదాపు కిలో వాయువు మోసుకొస్తుంది. మరోవైపు, బొగ్గు యూనిట్లు కనీస స్థాయికి దిగని మధ్యాహ్నానికి మిల్లును జరిపితే మంట ఒక పూట నుంచి మరో పూటకు మారుతుంది తప్ప తగ్గదు. కనుక ఏ గంటలో అదనపు యూనిట్ ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియకుండా, వేళ మార్చాం కాబట్టి కాలుష్యం తగ్గించామని ఎవరు ప్రకటించినా సభ అంగీకరించదు.

ఈ సభ లెక్క వేసి నమోదు చేయునదేమనగా: ఏటా పది లక్షల టన్నుల సిమెంటు చేసే కర్మాగారాన్ని ఉదాహరణగా తీసుకుంటే, టన్నుకు 75 యూనిట్ల చొప్పున 7.5 కోట్ల యూనిట్లు కావాలి. మిల్లుల వాటా 60 శాతం అనుకుంటే 4.5 కోట్లు. అందులో మూడో వంతును బొగ్గు వేళ నుంచి మిగులు ఎండ వేళకు జరపగలిగితే 1.5 కోట్ల యూనిట్లు, అంటే సుమారు 15 వేల టన్నుల వాయువు తగ్గుతుంది. అంత సిమెంటు తయారీలో మొత్తం వెలువడేది దాదాపు ఆరు లక్షల టన్నులు. దానిలో పెద్ద భాగం సున్నపురాయి కాలి విడిపోయే వాయువే. వేళ మార్పుతో తగ్గేది నూటికి రెండు మూడు పాళ్లు. ఇది చిన్నదని సభ తోసిపుచ్చడం లేదు, దీనితో సిమెంటు శుభ్రమైపోయిందని చెప్పుకోనివ్వదు కూడా.

ఈ సభ విచారం వ్యక్తం చేయునదేమనగా: సోలార్, పవన విద్యుత్తును ఏ రోజు, ఏ వేళ, ఎంత, ఎందుకు తగ్గించారన్న వివరం సామాన్య వినియోగదారుడికి అర్థమయ్యే రీతిలో చేరడం లేదు. 2019 జులైలో విద్యుత్ కొనుగోలు ఒప్పందాల పునఃసమీక్షకు జీవో వెలువడింది. నాటి నుంచి 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చే వరకు సాగిన వివాదంలో ఒప్పందపు ధరలు, ఉత్పత్తి తగ్గింపులు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ధర ఎక్కువన్న ఫిర్యాదు వేరు, గ్రిడ్ మోయలేదన్న కారణం వేరు. మొదటిదాన్ని రెండవదాని చాటున నడపడం ఏ ప్రభుత్వానికీ తగదని సభ భావిస్తున్నది.

ఈ సభ తీర్మానించినదేమనగా: రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం ప్రతి సాయంత్రం మరుసటి రోజు 96 భాగాలకు ఎండ, గాలి, బొగ్గు, జల విద్యుత్తు అంచనాలను తెలుగులో ప్రకటించాలి. తగ్గింపు జరిగిన ప్రతి భాగానికీ మరుసటి రోజు కారణం చెప్పాలి: లైను చాలకనా, వాడకం చాలకనా, బొగ్గు యూనిట్ దిగకనా. బ్రిటన్‌లో గ్రిడ్ నిర్వాహకులు 2017 నుంచి అరగంట అరగంటకూ కరెంటులోని కర్బన పాళ్లను ముందుగానే ప్రకటిస్తున్నారు. మన లోడ్ డిస్పాచ్ కేంద్రం వద్ద అంచనాలు ఉన్నాయి. అవి బయటికి రావడమే మిగిలింది.

ఈ సభ తీర్మానించినదేమనగా: వేళ మార్చుకోమని పిలవడంలో ఒక వరుస పాటించాలి. మొదట ప్రభుత్వ ఎత్తిపోతల పంపులు. తర్వాత సిమెంటు మిల్లుల వంటి హైటెన్షన్ వినియోగదారులు. ఆ తర్వాత, ఇష్టపడి ముందుకు వచ్చిన శీతల గిడ్డంగులు, నూనె మిల్లులు, పాలిష్ యూనిట్లు. ఇళ్లు, ఆసుపత్రులు, తాగునీటి పథకాలు ఈ వరుసలో ఉండరాదు. వ్యవసాయం తన వంతు ఇప్పటికే ఇచ్చింది.

ఈ సభ ఎత్తిపోతల విషయమై గమనించినదేమనగా: ఒక టీఎంసీ నీటిని వంద మీటర్ల ఎత్తుకు తోడడానికి, యంత్ర నష్టాలు కలుపుకొని, దాదాపు కోటి యూనిట్లు పడుతుంది. గండికోట జలాశయంలో 26 టీఎంసీలకు పైగా నిలవ ఉంచే వీలుంది. అక్కడి నుంచి దశలవారీగా ఎత్తిన నీళ్లు చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు, పైడిపాలేనికి చేరి పులివెందుల ప్రాంతపు చెట్లను బతికిస్తున్నాయి. రెండు చివరలా జలాశయాలు ఉన్నందున ఈ పంపులు సాయంత్రం నాలుగు గంటలు ఆగి మధ్యాహ్నం పూర్తి బలంతో నడిస్తే ఆయకట్టుకు చేరే నీళ్లలో తేడా రాకూడదు. వరద రోజుల సంగతి వేరు. శ్రీశైలం నుంచి నీళ్లు వచ్చే ఆ కొద్ది వారాల్లో పంపు ఆపితే పోయిన నీళ్లు మళ్లీ రావు.

ఈ సభ తీర్మానించినదేమనగా: గండికోట ఎత్తిపోతల పంపుల వేళలను నీటిపారుదల శాఖ, ట్రాన్స్‌కో కలిసి నిర్ణయించాలి. వరద కాలంలో నీటిదే మొదటి మాట. మిగిలిన కాలంలో ఎండ వేళకు మొగ్గు ఇవ్వాలి. అన్ని దశల పంపులూ కలిసి నడవాలి కనుక ఒక దశలో మరమ్మతు ఉంటే మొత్తం వరుసకు ఆ రోజు మినహాయింపు ఇవ్వాలి.

ఈ సభ తీర్మానించినదేమనగా: గండికోట, పైడిపాలెం ప్రాంతాల్లో తలపెడుతున్న పంప్డ్ స్టోరేజి పథకాలను వేళ మార్పుకు ప్రత్యామ్నాయంగా చూడరాదు. మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ఆ పథకాల్లో నూరు యూనిట్లు పోస్తే తిరిగి వచ్చేది 75 నుంచి 80. వేళ మార్చిన మిల్లు ఆ నష్టం లేకుండానే అదే పని చేస్తుంది. చౌకదాన్ని వదిలి ఖరీదైనదానికి పరుగెత్తడం వినియోగదారుడి బిల్లు మీద పడుతుంది. పథకాలు వచ్చినప్పుడు సైతం తాగునీరు, సాగునీటి వాటాలపై ముందస్తు హామీ రాతపూర్వకంగా ఉండాలి. గండికోట నిండడానికి ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవారి బాకీలు తీర్చకుండా ఆ నీటిపై కొత్త లాభాల లెక్కలు వేయడాన్ని సభ అంగీకరించదు.

ఈ సభ తీర్మానించినదేమనగా: సిమెంటు కర్మాగారాలతో విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) రాతపూర్వక ఒప్పందాలు చేసుకోవాలి. ఏడాదిలో ఎన్ని గంటలు, ఎన్ని మెగావాట్లు, ఎంత ముందుగా చెబితే, ఎంత రాయితీ అన్నది అందులో ఉండాలి. జర్మనీలోని ఎసెన్ నగరంలో ట్రిమెట్ అల్యూమినియం కర్మాగారం, కరగబెట్టే తొట్లలో మార్పులు చేసుకుని, తన వాడకాన్ని 25 శాతం మేర పెంచడానికీ తగ్గించడానికీ సిద్ధపడింది. ఒక గంట కరెంటు ఆగితే గట్టిపడిపోతుందని భయపడే లోహంతో అది సాధ్యమైనప్పుడు, సైలోలో పొడి నిలవ ఉండే సిమెంటుకు సాధ్యం కాదన్న మాటను సభ ఒప్పుకోదు. దక్షిణాదిలో సిమెంటు మిల్లుల సామర్థ్యం పూర్తిగా వాడకంలో లేదు. ఖాళీ గంటలున్న మిల్లుకు వేళ మార్చుకునే వీలు ఉంటుంది. గంట కూడా ఖాళీ లేని మిల్లును నిర్బంధించరాదు.

ఈ సభ తీర్మానించినదేమనగా: వేళ మార్పు కార్మికుడి మీద పడరాదు. మిల్లు రాత్రి నుంచి పగటికి జరిగితే కార్మికుడికి మేలే. అయితే ఒక రోజు పగలు, మరో రోజు రాత్రి అని కబురు మీద పిలిచే పద్ధతి అతనికి నిద్రనూ ఇవ్వదు, కుటుంబాన్నీ ఇవ్వదు. షిఫ్టు మార్పు వారం ముందు చెప్పాలి. మిల్లు ఆపి ఉంచిన గంటలకు కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ పూర్తి కూలి ఇవ్వాలి. డిస్కం ఇచ్చే రాయితీ పొందే ప్రతి ఒప్పందంలో ఈ రెండు షరతులూ ఉండాలి. థర్మల్ కేంద్రంలో యూనిట్లను రోజూ దించి ఎక్కించడం వల్ల బాయిలరు గొట్టాలపై పడే అలసటకు తగిన మరమ్మతు సమయం కేటాయించాలి. ఆ ఒత్తిడిని కాంట్రాక్టు కార్మికుల భద్రతపై నెట్టరాదు.

ఈ సభ గమనించినదేమనగా: నాపరాళ్లు కోసే, పాలిష్ పట్టే యూనిట్లు చిన్నవి. యజమానికి ఆర్డరు వచ్చిన రోజే పని, లారీ వచ్చిన రోజే డబ్బు. అవి సహజంగానే ఎక్కువగా పగటిపూట నడుస్తాయి. వాటికి రాయితీ కావాలి గాని ఆజ్ఞ అక్కరలేదు. హరిత విద్యుత్తును ఉత్పత్తిదారు నుంచి నేరుగా కొనడానికి హరిత ఓపెన్ యాక్సెస్ నిబంధనలు 2022లో 100 కిలోవాట్ల వినియోగదారుడికి కూడా తలుపు తీశాయి. ఆ స్థాయికి చేరని యూనిట్లు కొన్ని కలిసి ఒకే ఒప్పందం చేసుకునే వీలు కల్పించాలని సభ కోరుతున్నది. పులివెందుల అరటి శీతల గిడ్డంగులు మధ్యాహ్నం మరికొంత చల్లబరచుకుని సాయంత్రం కంప్రెసరు ఆపగలవు. పండు పాడైతే నష్టం ఎవరిదన్న మాట ఒప్పందంలో ముందే తేలాలి.

ఈ సభ తీర్మానించినదేమనగా: పరిశ్రమలకు ఇచ్చే రాయితీని సర్దుబాటు చార్జీల పేరుతో గృహ వినియోగదారుల బిల్లులో చేర్చరాదు. సాయంత్రం పవర్ ఎక్స్ఛేంజీలో యూనిట్‌కు రూ.10 గరిష్ఠ పరిమితి దాకా పెట్టి కొనే అవసరం ఎంత తప్పిందో, ఆ మిగులు నుంచే రాయితీ రావాలి. మిగులు లేకపోతే రాయితీ లేదు. ఈ లెక్కను విద్యుత్ నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణలో ఉంచాలి, ఆ విచారణల్లో ఒకటి ఈ ప్రాంతంలో జరపాలి.

ఈ సభ తీర్మానించినదేమనగా: ఇకపై ఈ ప్రాంతానికి వచ్చే ప్రతి భారీ పరిశ్రమకు కరెంటు కనెక్షను ఇచ్చేటప్పుడే వేళ మార్పు షరతు పెట్టాలి. జమ్మలమడుగు ప్రాంతం 2007 నుంచి ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపనలు చూస్తూనే ఉన్నది: 2018 డిసెంబరు, 2019 డిసెంబరు, 2023 ఫిబ్రవరి. ఉక్కు రావాలన్న కోరికలో ఈ సభ ఎవరికీ తీసిపోదు. విద్యుత్ కొలిమితో నడిచే కర్మాగారం వస్తే దాని కరెంటు ఒప్పందంలో మొదటి రోజు నుంచే ఈ షరతు ఉండాలి. కట్టిన తర్వాత యంత్రాలు మార్చమంటే ఖర్చు పెరుగుతుంది, వాయిదా కూడా పెరుగుతుంది.

ఈ సభ తీర్మానించినదేమనగా: ఈ తీర్మానం ప్రతులను ఏపీఎస్పీడీసీఎల్, ఏపీ ట్రాన్స్‌కో, రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం, విద్యుత్ నియంత్రణ మండలి, నీటిపారుదల శాఖ, జిల్లా కలెక్టరు, ఈ ప్రాంతపు సిమెంటు కర్మాగారాల యాజమాన్యాలు, గుర్తింపు పొందిన కార్మిక సంఘాలకు పంపాలి. గండికోటకు ఈసారి వరద నీరు చేరేలోగా ఎత్తిపోతల పంపుల వేళలపై రాతపూర్వక జవాబు కోరాలి. జవాబు రాని పక్షంలో నియంత్రణ మండలి తదుపరి ధరల విచారణలో ఈ సభ తరఫున అభ్యంతరం దాఖలు చేయడానికి తొండూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నుంచి ఒక్కొక్క రైతు, ఒక్కొక్క కార్మికుడు, ఒక్కొక్క చిన్న యూనిట్ యజమాని చొప్పున ప్రతినిధులను ఎంపిక చేయడమైనది.